రోజూ కాకపోతే విషమా? సునాముఖి మెసేజ్‌కు ఒక మందుల షాపు జవాబు

దేవరకొండలో నేను మందుల షాపు షట్టర్ ఎత్తే వేళకే ఇద్దరు ముగ్గురు అరుగు మీద కూర్చొని ఉంటారు. వాళ్లలో ఒకరైనా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "అన్నా, కడుపు సాఫ్ అయితలేదు, ఏమన్న ఇయ్యి" అంటారు. ఈ మధ్య గొంతు తగ్గించడం కూడా పోయింది. ఫోన్ తీసి మెసేజ్ చూపించి "గిది ఉన్నదా?" అంటున్నారు. అదే మెసేజ్ నాకూ వచ్చింది. మా చిన్నమ్మ ఒక్కతే మూడుసార్లు పంపింది.

అందులో ఉన్నది ఇదీ. రోజూ పొద్దున్నే మోషన్ కాకపోతే మలంలోని విషం రక్తానికి ఎక్కుతుంది, సకల రోగాలకూ అదే మూలం. పెద్దపేగు గోడలకు 5 నుంచి 10 కిలోల పాత మలం అంటుకొని ఉంటుంది. రోజూ రాత్రి చెంచాడు సునాముఖి పొడి, వారానికోసారి ఆముదం తాగితే అదంతా కడుక్కుపోతుంది. ఆకు మందు కాబట్టి ఎన్నేళ్లు వాడినా ఏం కాదు, ఇంగ్లీషు మందులైతే పేగును చంపేస్తాయి. లేవగానే 4 లీటర్ల నీళ్లు తాగాలి. జొన్న, సజ్జ, పప్పుగింజలు అరగవు, వాటిని మానేసి మెత్తటి తెల్లన్నం తినాలి. ఇట్లా చేస్తే డాక్టరు మొఖం చూసే పనే ఉండదు.

సునాముఖి డబ్బా నా షాపులోనూ ఉంది, అమ్మితే నాకు నాలుగు పైసలు వస్తాయి. అయినా ఇది ఎందుకు రాస్తున్నానో మా మామ సంగతి దగ్గర చెప్తాను.

మొదటిది, రోజూ కాకపోతే విషం ఎక్కుతుందనే మాట. రోజుకు మూడుసార్లు పోయేవాళ్లూ ఉన్నారు, వారానికి మూడుసార్లు పోయేవాళ్లూ ఉన్నారు. మెత్తగా, ముక్కకుండా, పూర్తిగా అయిందన్న తృప్తితో అయితే ఇద్దరూ ఆరోగ్యవంతులే. డాక్టర్లు మలబద్ధకం అనేది వారానికి మూడుసార్ల కన్నా తక్కువైనప్పుడు, లేదా మేకపెంటికల్లా గట్టిపడి ముక్కి ముక్కి పోవాల్సి వస్తున్నప్పుడు. లెక్క కన్నా ఆ గట్టితనం, ఆ కష్టం ముఖ్యం. రోజూ పోయేవాడికీ మలబద్ధకం ఉండవచ్చు, రెండు రోజులకోసారి పోయేవాడికి లేకపోవచ్చు.

ఇక విషం సంగతి. ఈ మెసేజ్ ఇంగ్లీషు వైద్యాన్ని అన్ని మాటలంటుంది గానీ, ఈ భయాన్ని ఒకప్పుడు ఊరూరా పంచింది ఇంగ్లీషు డాక్టర్లే. వందేళ్ల కింద లండన్‌లో ఆర్బత్నాట్ లేన్ అనే పేరుమోసిన సర్జన్ ఉండేవాడు. పేగులో మలం ఆగితే ఒళ్లంతా విషమవుతుందని నమ్మి, మలబద్ధకం ఉన్నవాళ్లకు ఏకంగా పెద్దపేగులే కోసి తీసేశాడు. 1919లో అమెరికాలో వాల్టర్ అల్వారెజ్ అనే డాక్టరు ఒక చిన్న ప్రశ్నతో ఆ సిద్ధాంతం గాలి తీశాడు. మలబద్ధకం ఉన్నవాడికి తలనొప్పి, బద్ధకం, చిరాకు ఉంటాయి, నిజమే. కానీ దొడ్డికి పోయి వచ్చిన నిమిషంలోనే అవి తగ్గిపోతున్నాయి కదా! రక్తంలో విషమే ఉంటే అంత తొందరగా ఎట్లా దిగుతుంది? ఆ బాధంతా పేగు చివర నిండి సాగడం వల్ల వచ్చేది, విషం వల్ల కాదు. ఒక్క మినహాయింపు చెప్పాలి. తాగుడు వల్లనో కామెర్ల వల్లనో లివర్ బాగా చెడినవాళ్లలో పేగులో పుట్టే అమ్మోనియా అనే విషాన్ని లివర్ ఆపలేకపోతుంది. వాళ్లకు మలం ఆగితే మెదడు మందగించే ప్రమాదం నిజంగానే ఉంది. వాళ్లకు మందు డాక్టరే రాస్తాడు.

పేగు గోడలకు 10 కిలోల పాత మలం అన్న మాట మీద ఎక్కువ చెప్పను. పెద్దపేగు లోపలి పొర కొద్ది రోజులకోసారి రాలిపోయి కొత్తది వస్తుంటుంది. గోడే నిలవనిచోట దాని మీది సున్నం ఏళ్ల తరబడి ఎట్లా నిలుస్తుంది? కెమెరా గొట్టంతో పరీక్ష చేసేటప్పుడు లోపల కనిపించేది తడిగా మెరిసే గులాబీ రంగు గోడే. భేదిమందు తాగినంక బయటపడేది పాతది కాదు, ఒకట్రెండు రోజుల్లో రావాల్సినదే ముందుగా, నీళ్లతో కలిసి వస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. చెరువు తూము పూర్తిగా ఎత్తి నీళ్లన్నీ వదిలేసి, తెల్లారి కాలువలో నీళ్లు రాలేదని ఏడ్చినట్టు ఉంటుంది మన పని. తిన్నది పెద్దపేగు చివరికి చేరడానికి మామూలుగానే ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. భేదిమందుతో మొత్తం ఖాళీ చేసినంక రెండో రోజు మోషన్ కాకపోవడం సహజం, లోపల ఉంటే కదా వచ్చేది. కానీ మెసేజ్ చదివినవాడు ఆ రెండో రోజే భయపడి మళ్లీ చెంచా వేసుకుంటాడు. మూడో నెలకు నా దగ్గరికొచ్చి "అది లేకుంటే అయితనే లేదన్నా" అంటాడు. అలవాటైంది పేగుకు కాదు, మనిషి భయానికి.

మరి "ఆకు మందు, ఏం కాదు" అన్న మాట? సునాముఖి అంటే నేల తంగేడు, బతుకమ్మలో పేర్చే మన తంగేడుకు చుట్టమే. మంచి మందే, కాదనను. దాంట్లోని పదార్థం పెద్దపేగు దాకా చేరి, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మార్చినంక పనిచేస్తుంది. అందుకే రాత్రి వేసుకుంటే పొద్దున అవుతుంది. తమాషా ఏమిటంటే, అదే ఆకు సారంతో చేసిన గోలీలు కూడా నా అరలో ఉన్నాయి, డబ్బా మీద మోతాదు రాసి. పొడి డబ్బాలో చెంచాకు ఎంత మందు వస్తుందో ఎవరికీ తెలియదు. ఆకు మందు, ఇంగ్లీషు మందు అని గీసే గీత ఇక్కడ నిలవదు. నెలల తరబడి వాడితే పేగు లోపలి గోడ నల్లబడవచ్చు. దానితో హాని లేదు, మానేస్తే పోతుంది. మామూలు మోతాదులో పేగు చచ్చిపోతుందనడానికీ ఆధారం లేదు. అసలు ప్రమాదం ఒంట్లోని నీళ్లు, గుండెకూ కండరాలకూ కావాల్సిన పొటాషియం అనే లవణం పోవడంలో ఉంది.

మా మామకు 71 ఏళ్లు. బీపీకి మూత్రం ఎక్కువ పోయేలా చేసే గోలీ వాడతాడు. ఆ గోలీ కూడా పొటాషియం దించుతుంది. మెసేజ్ చూసి రోజూ రాత్రి సునాముఖి మొదలుపెట్టాడు. పొడి ఇచ్చింది నేనే, మామ అడిగితే కాదంటానా! రెండు నెలలకు కాళ్లు పీకుతున్నాయి, మెట్లెక్కలేకపోతున్నా అన్నాడు. ముసలితనం అనుకున్నాం. రక్తపరీక్షలో పొటాషియం 2.8 వచ్చింది, మామూలుగా 3.5కు తగ్గకూడదు. గుండె లయ తప్పే దాకా పోకముందే తెలిసింది. డాక్టరు పొడి ఆపించి, నా వైపు చూసి ఏమీ అనలేదు. ఏదన్నా అంటే బాగుండేది.

ఆముదం గురించి పాలమూరు, నల్లగొండ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మన చెలకల్లో పండిన పంటే. పాలెం పరిశోధనా కేంద్రంలో ఏళ్లుగా ఆముదం వంగడాల మీద పని జరుగుతోంది. ఎప్పుడో ఒకసారి పెద్దవాళ్లు తాగితే పనిచేస్తుంది, కొన్ని గంటల్లోనే, కడుపులో మెలితిప్పుతూ. కానీ అందులోని ఆమ్లం కదిలించేది పేగును ఒక్కదాన్నే కాదు. 2012లో జర్మనీ శాస్త్రవేత్తలు చిట్టెలుకల్లో చూపించారు, కణాల మీది ఒకే తాళం (రిసెప్టర్) ద్వారా అది పేగు కండరాన్నీ గర్భసంచి కండరాన్నీ బిగించేస్తుందని. కడుపుతో ఉన్న ఆడవాళ్లకు వారానికోసారి ఆముదం అనే సలహా ఎవరిచ్చినా వినొద్దు. చంటిపిల్లలకు అసలే వద్దు.

ఇంగ్లీషు మందుల్లో అందరూ భయపడే లాక్టులోజ్ సిరప్ పాలలోని చక్కెర నుంచి చేసినది. అది అరగదు, రక్తంలో కలవదు, పేగులోకి నీళ్లు లాగి మలాన్ని మెత్తబరుస్తుంది, అంతే. మొదట్లో గ్యాస్ వస్తుంది. ఇసబ్‌గోల్ పొట్టు ఇంకా మెల్లటి మందు. కాకపోతే నిండు గ్లాసు నీళ్లతో తాగాలి, పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులోనే ఉబ్బి అడ్డం పడుతుంది.

నీళ్ల సంగతికొస్తే, 4 లీటర్లు ఒక్కసారి పట్టించడం మూర్ఖత్వం. కిడ్నీలు గంటకు సుమారు లీటరు మించి బయటికి పంపలేవు. గుండె, కిడ్నీ జబ్బులున్న ముసలివాళ్లకు అది ప్రమాదమే. సరిపడా తాగేవాడు ఇంకా తాగినంత మాత్రాన మలం మెత్తబడదు, మూత్రమే పెరుగుతుంది. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ బోరు నీళ్లు ఎముకలను ఏం చేశాయో చూసిన మనం, ఏ నీళ్లు అని అడగకుండా లీటర్ల లెక్క చెప్పేవాడిని ఎట్లా నమ్ముతాం?

అసలు తక్కువ తాగేవాళ్లు వేరే ఉన్నారు. పత్తి చేలో కలుపుకు పోయే ఆడవాళ్లు, అంగట్లో కూరగాయలు అమ్మేవాళ్లు, మరుగుదొడ్డికి తలుపు సరిగా లేని బడుల్లో చదివే ఆడపిల్లలు. మధ్యలో లేవాల్సి వస్తుందని నీళ్లే తాగరు, వచ్చినదాన్ని బిగబట్టుకుంటారు. బిగబడితే పేగు చివర సాగి ఆ సూచన మొద్దుబారుతుంది, మలంలోని నీటిని పేగు ఇంకా పీల్చి గట్టి చేస్తుంది. నా దగ్గర మొలలకు ఆయింట్‌మెంట్ కొనే ఆడవాళ్లలో ఎక్కువమంది కథ ఇదే. వాళ్లకు కావాల్సింది సునాముఖి కాదు, చేను దగ్గర ఒక చాటు, చేతిలో ఒక నీళ్ల సీసా.

తిన్నాక పెద్దపేగు తనంతట తాను కదులుతుంది, పొద్దున మొదటి తిండి తర్వాత మరీ ఎక్కువ. ఆ వేళకు తొందరపడకుండా ఒక పది నిమిషాలు కూర్చోవడమే ఖర్చులేని మందు. గొంతుక్కూర్చుంటే మలద్వారం దగ్గరి వంపు తిన్నగా అవుతుంది. పట్నంలో కొడుకు ఫ్లాట్‌కు పోయి కమోడ్ మీద అవస్థ పడే పెద్దమనుషులు కాళ్ల కింద చిన్న పీట పెట్టుకుంటే చాలు.

జొన్న అరగదన్న మాట చదివి మా అమ్మ నవ్వింది. అరగదు నిజమే, దాని పీచు అరగదు. అరగకపోవడమే దాని పని, మలానికి బరువు, తడి ఇచ్చేది అదే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల్లో 100 గ్రాములకు పీచు చూడండి: తెల్లబియ్యంలో 2.8 గ్రాములు, జొన్నలో 10.2, రాగుల్లో 11.2, సజ్జల్లో 11.5. రోజుకు కావాల్సింది సుమారు 30 గ్రాములు. మూడు పూటలా తెల్లన్నం తిని ఆ లెక్క అందుకోవడం ఎంత కష్టమో మీరే చూసుకోండి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పటి నుంచి మన ఇళ్లలో రొట్టె, గటక మెల్లగా వెనక్కి జరిగాయి. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం మొదలైంది. పేదవాడి కంచంలోకి సన్నన్నం రావడం మీద నాకు కోపం లేదు. రాత్రి పూట రెండు జొన్నరొట్టెలు, పుంటికూరో గంగవాయిలి కూరో, సాయంత్రం పిడికెడు పెసర గుడాలు, ఒక జామకాయ ఉంటే ఆ సన్నన్నం మధ్యాహ్నానికి ఉండనీ. ఒక్కరోజే అన్నీ మార్చొద్దు, గ్యాస్‌తో ఉబ్బి రొట్టెను తిడతారు. రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచాలి.

ఇక చివరిది, డాక్టరు మొఖం చూసే పనే ఉండదనడం. ముందు మీ గోలీల సంచి చూడండి. రక్తం తక్కువని ఇచ్చే ఐరన్ గోలీలు, కాల్షియం గోలీలు, బీపీకి వాడే ఆమ్లోడిపిన్, నొప్పికి ట్రామడాల్, ఇవి కొందరికి కడుపు బిగబట్టవచ్చు. సొంతంగా మానేయొద్దు, రాసిన డాక్టరును అడిగితే మార్చడమో, తగ్గించడమో చేస్తారు. థైరాయిడ్ తగ్గినా, షుగర్ ఏళ్లుగా ఉన్నా ఇదే బాధ. మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, రక్తహీనత వచ్చినా, యాభై దాటినంక కొత్తగా మలబద్ధకం మొదలైనా పెద్దపేగు పరీక్ష చేయించుకోవాల్సిందే. మొలలే అనుకొని ఏడాది ఆయింట్‌మెంట్ రాసుకున్నవాళ్లను చూశాను. కడుపు రాయిలా ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోవడం ఆగిపోతే పేగు ఎక్కడో మూసుకుపోయి ఉండవచ్చు. ఆ రాత్రి ఆముదం వద్దు, సునాముఖి వద్దు, నా షాపుకు రావడం కూడా వద్దు. 108కు ఫోన్ చేయండి.