ఆ రోజు పాలు ఎవరు తెచ్చారు?

ఏటా మే 21 వచ్చిందంటే మా ఇంట్లో ఒక పాత తగువు మళ్లీ లేస్తుంది. 1991లో రాజీవ్ గాంధీ హత్య జరిగిన మర్నాడు పొద్దున్నే నాన్న వెంట ఆవిన్ పాల డిపోకి వెళ్లింది నేనా, అన్నయ్యా? అప్పుడు మేం మద్రాసు వెస్ట్ మాంబళంలో ఉండేవాళ్లం. నాకు తొమ్మిదేళ్లు. మూసేసిన డిపో, ఒక్క ఆటో కూడా లేని వీధి, నాన్న చేతిలో ఖాళీ వైరుబుట్ట నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటాయి. అన్నయ్యకీ అంతే, బుట్ట రంగుతో సహా. నాన్న వెంట వెళ్లింది ఒక్కడే అన్న సంగతి దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ లేదు.

నాలుగేళ్ల కిందట అమ్మ మూడో కథ చెప్పింది. "మీరిద్దరూ అప్పుడు నెల్లూర్లో అమ్మమ్మ దగ్గరున్నార్రా. ఎండాకాలం సెలవులు కదా. నేనూ నాన్నా రాత్రి టీవీలో చూసి అలాగే కూలబడిపోయాం." ఇద్దరం కంగుతిన్నాం. కాసేపటికి అన్నయ్య లేచి బీరువాలోంచి ఒక బిల్లు తెచ్చాడు (అమ్మ ఏ బిల్లూ పారేయదు). మా ఇంటికి టీవీ వచ్చింది 1992 దసరాకి.

చెన్నైలో యాభై దాటిన తెలుగువాళ్లను ఎవరిని కదిపినా ఆ రాత్రి గురించి ఒక కథ ఉంటుంది. హత్య జరిగిన శ్రీపెరుంబుదూరు ఇక్కడికి 40 కిలోమీటర్లు. రాజీవ్ ఆ సాయంత్రం విశాఖపట్నంలో ప్రచారం చేసి విమానంలో మద్రాసు వచ్చారు కాబట్టి విశాఖ చుట్టాల దగ్గర ఇంకో రకం కథ: "మా ఊరి నుంచే కదా వెళ్లింది." పోరూరులో ఉండే పెద్దాయన ఒకరు పేలుడు శబ్దం తన చెవులతో విన్నానంటారు. అక్కడికి పాతిక కిలోమీటర్ల పైనే. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు, అదే చిక్కు.

ఇలాంటి జ్ఞాపకాలకు మనస్తత్వ శాస్త్రంలో ఫ్లాష్‌బల్బ్ మెమరీ అని పేరు. 1977లో రోజర్ బ్రౌన్, జేమ్స్ కూలిక్ పెట్టిన పేరది. పెద్ద వార్త విన్న క్షణాన్ని మెదడు ఫొటో తీసినట్టు దాచుకుంటుందని వాళ్ల ఊహ. ఆ ఊహను గట్టిగా దెబ్బకొట్టింది ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ చేసిన పరిశీలన. 1986 జనవరిలో చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయిన మర్నాడే, ఆ వార్త ఎలా తెలిసిందో విద్యార్థుల చేత రాయించి పెట్టుకున్నారు. రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగారు. 11 మంది చెప్పినదానికీ మొదట రాసినదానికీ ముఖ్యమైన ఒక్క విషయంలోనూ పొంతన లేదు. అయినా చాలామంది ఏ తడబాటూ లేకుండా చెప్పారు. వాళ్లు రాసిన కాగితం వాళ్లకే చూపించినా అసలు జ్ఞాపకం తిరిగి రాలేదు. అమ్మకు టీవీ బిల్లు చూపిస్తే ఆవిడా అంతే. "బిల్లు బిల్లే, నేను చూసింది చూసిందే" అంది.

బ్రౌన్, కూలిక్‌ల పరిశోధనలోనే ఇంకో సంగతి ఉంది. నాకు ఫొటో ఊహ కంటే అదే ముఖ్యం అనిపిస్తుంది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య వార్త విన్న క్షణం తెల్లవాళ్ల కంటే నల్లజాతి వాళ్లలో చాలా ఎక్కువమందికి గుర్తుంది. పోయినవాడు మనవాడు అనుకుంటేనే మనం ఎక్కడున్నామన్నది ముఖ్యమవుతుందన్నమాట. మద్రాసులో ఉంటూ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకునే మాలాంటి కుటుంబాలకు ఆ రాత్రి ఈ ఊరితో మనకూ సంబంధం ఉందని చెప్పుకునే దారి. నెల్లూర్లో ఉన్నానంటే నాకు అందుకే మింగుడుపడదు. వార్త రెండు ఊళ్లకీ ఒకటే. కానీ నెల్లూర్లో ఉంటే నేను ఈ ఊరివాణ్ని కాకుండా పోతాను.

అయితే దీనికి ఒక హద్దు ఉండాలి. 2004 డిసెంబరు 26 సునామీ సంగతి చూడండి. ఆదివారం పొద్దున. "ఆ రోజు మేమూ మెరీనాకి వెళ్లాల్సింది, చివరి నిమిషంలో మానేశాం" అన్నవాళ్లు నాకే ఇరవై మంది తెలుసు. అందరూ నిజంగా బయలుదేరి ఉంటే బీచ్ రోడ్డులో కారు పెట్టడానికి చోటుండేది కాదు. పట్టినపాక్కం దగ్గర ఇల్లు కొట్టుకుపోయిన జాలరి కుటుంబం ఎక్కడుందో వేరే చెప్పుకోనక్కర్లేదు, అక్కడే ఉంది. తప్పించుకున్నామన్న కథ వాళ్ల ముందు చెప్పాలంటే నాకు సిగ్గుగా ఉంటుంది. శ్రీపెరుంబుదూరులో రాజీవ్‌తో పాటు పోలీసులు, పార్టీ కార్యకర్తలు కూడా చనిపోయారు. ఆ ఇళ్లలో ఏ పిల్లలైనా పాలబుట్ట గురించి దెబ్బలాడుకుంటారని నేను అనుకోను.

ఇంకో మాట. ఆ కేసు దర్యాప్తుకు దారి చూపింది ఎవరి జ్ఞాపకమో కాదు, పేలుడులో చనిపోయిన ఫొటోగ్రాఫర్ కెమెరాలో చెక్కుచెదరకుండా మిగిలిన రీలు. మనం మాత్రం ఇప్పటికీ ఎవరైనా గట్టిగా, వివరంగా చెబితే నిజమే అనుకుంటాం. టీవీ చర్చల్లో "నేను అక్కడే ఉన్నాను" అన్నవాడి ముందు మిగతావాళ్లు నోరెత్తరు. అక్కడ ఉండటం వేరు, ఉన్నట్టు ముప్పై ఏళ్లు చెబుతూ రావటం వేరు. రెండోది చెప్పినకొద్దీ గట్టిపడుతుంది. మా అన్నదమ్ముల కథ ఇంత నున్నగా తయారవటానికి కారణం అదేనని నా అనుమానం.

మొన్న మే 21కి అన్నయ్య వేళచ్చేరి నుంచి వచ్చాడు. భోజనాల దగ్గర మళ్లీ అదే తగువు. చివరికి నేనే అమ్మనడిగాను, మేం నెల్లూర్లోనే ఉన్నామనుకుందాం, మరి ఆ రోజు నాన్న వెంట పాలకి ఎవరు వెళ్లారని.

"పాలకి నాన్న ఎప్పుడెళ్లార్రా?" అంది అమ్మ, పెరుగు వడ్డిస్తూ. "రోజూ నేనేగా వెళ్లేదాన్ని."