అల మన తారీఖుకి రాదు

2025 సంక్రాంతికి తిరుపతి పోయినప్పుడు, భోజనాలయ్యాక మిద్దె మీద చాప పరుచుకుని నా ఫోన్లో ఒక వీడియో చూపించాను. చూసినవాళ్లు మా నాయన, చిన్నాయన, పక్కింట్లో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు. పోర్చుగల్‌లోని నజారే తీరం అది. మనుషులు సర్ఫింగ్ చేసిన అలల్లో అన్నిటికంటే పెద్దవి అక్కడివేనని ముందే ఊరించి పెట్టాను. వీడియో అయిపోయింది. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. చివరికి చిన్నాయనే, "ఏందబ్బా ఇది, మన మైపాడు బీచి కూడా ఇంతే కదా" అన్నాడు.

ఆయన తప్పేం లేదు. నేను మొదటిసారి పోయిన రోజు అక్కడ అల లేదు. చవగ్గా వస్తున్నాయని లండన్ నుంచి లిస్బన్‌కి మూడు నెలల ముందే టికెట్లు కొన్నాను. డిసెంబరు నెల, శనివారం, చక్కటి ఎండ, ఆకు కదలని గాలి. దీపస్తంభం (లైట్‌హౌస్) ఉన్న పాత కోట మీద నాలుగు గంటలు నిలబడితే ఆరేడు అడుగుల అలలు వచ్చిపోయాయి. మా ఆవిడ "ఇంతదానికా" అని నోటితో అనలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, వచ్చే శీతాకాలం కుటుంబాలతో నజారే టూర్ పెడదామని మన తెలుగు సంఘంలో మాట నడుస్తోంది. తారీఖు కూడా ఖాయం చేసేశారు, బస్సు మాట్లాడేశారు. టూర్ మంచిదే. నా పేచీ ఆ తారీఖుతోనే.

నజారే అల ఊళ్లో పుట్టేది కాదు. అట్లాంటిక్‌లో ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల తుఫాను రేగితే, ఆ ఊపు రోజుల తరబడి ప్రయాణం చేసి ఇక్కడికి చేరుతుంది. తీరానికి ఎదురుగా సముద్రం అడుగున 200 కిలోమీటర్లకు పైగా పొడవున్న లోయ ఉంది. లోతు కొన్నిచోట్ల 5 కిలోమీటర్ల దాకా. దాని కొస దాదాపు ఒడ్డు దాకా వస్తుంది. లోయ మీదుగా వచ్చే అలకి అడుగు తగలదు కాబట్టి వేగం తగ్గదు. పక్కన లోతు తక్కువ ఉన్నచోట వచ్చేది మందగించి వంగుతుంది. ఈ రెండూ ప్రాయా దో నోర్తె అనే బీచ్ ముందు కలిసి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అలిపిరి దగ్గర రెండు రోడ్ల జనం ఒకే గేటుకి వచ్చి పడితే ఏమవుతుందో మాస్టారుకి చెప్పక్కర్లేదు. ఆయన వెంటనే తల ఊపాడు.

తుఫాను రావాలి, అది సరైన దిక్కు నుంచి రావాలి, ఆ రోజు గాలి కలిసిరావాలి. అందుకే అక్కడ పోటీలు పెట్టేవాళ్లే తారీఖు వేయరు. శీతాకాలం పొడుగునా కాచుకుని ఉండి, అంచనాలు చూసుకుని, రెండు మూడు రోజుల ముందు ఖాయం చేస్తారు. వాళ్లకి లేని ధైర్యం మన కమిటీకి వచ్చింది.

రెండోసారి నేను బుద్ధిగా అంచనాలు చూసుకుని, ఆఫీసుకి సెలవు చెప్పి, ఎక్కువ డబ్బులు పెట్టి టికెట్ కొనుక్కుని ఒక్కడినే పోయాను. ఆ రోజు అల వచ్చింది. మొదట్లో అది పెద్దదని తెలియనేలేదు. సముద్రం మధ్యలో ఒక గోడ లేస్తోంది, అంతే. జెట్ స్కీ ఒక మనిషిని తాడుతో లాక్కొచ్చి దాని నెత్తిన వదిలాక, చీమంత మనిషి ఆ గోడ మీద గీత గీసుకుంటూ దిగుతుంటే అప్పుడు నా కాళ్లలో వణుకు మొదలైంది. అల విరిగింది కంటికి ముందు కనిపించి, చప్పుడు ఆ తర్వాత వచ్చింది. కళ్లద్దాలు ఉప్పుతో మసకబారాయి. 2020 అక్టోబరు 29న సెబాస్టియన్ స్టాయిట్నర్ ఇక్కడే 86 అడుగుల అల మీద దిగాడు. గిన్నిస్ రికార్డు అది.

నా పక్కన ఒకాయన చేతిలో వాకీటాకీ పట్టుకుని నిలబడ్డాడు. మేమందరం ఫోన్లు ఎత్తి పట్టుకున్నాం గానీ, ఆయన ఫోన్ తీయలేదు. ఎవరు పడ్డారు, ఎక్కడ తేలారు, వెనక ఇంకెన్ని అలలు ఉన్నాయి అని కింద జెట్ స్కీల వాళ్లకి చెప్తూనే ఉన్నాడు. 2023 జనవరిలో మార్సియో ఫ్రెయిరె అనే బ్రెజిల్ సర్ఫర్ ఇక్కడే చనిపోయాడు. ఫోన్ జేబులో పెట్టేసి కాసేపు నేనూ ఆయన చూసే వైపే చూశాను. ఆ రోజు నేను నిజంగా చూసింది ఆ కాసేపే.

ఆ రోజు తీసిన ఈ రెండో వీడియో చూసి చిన్నాయన మైపాడు మాట వెనక్కి తీసుకున్నాడు. నాయన మాత్రం అల గురించి అడగలేదు. "జనం ఎంతమంది? దిగే దారి యాడ, ఎక్కే దారి యాడ?" అన్నాడు. ఆ జనవరి 8నే మా ఊళ్లో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. నేను ఊళ్లో దిగేసరికి ఎవరి నోట విన్నా అదే మాట. బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు గరుడ సేవకి పొద్దున్నే పోయి మాడ వీధి గ్యాలరీలో రాత్రి దాకా కూర్చునే మనిషి నాయన. ఆయనకి కాచుకోవడం కొత్త కాదు, తోపులాట అంటేనే భయం.

దీపస్తంభానికి దిగేది ఒకటే దారి అని చెప్పాను. ఆయన మొహం మారింది. అప్పుడు కాలిఫోర్నియా సంగతి కూడా చెప్పక తప్పలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో దక్షిణాన మావెరిక్స్ అని ఇంకో పెద్ద అలల చోటు. 2010 ఫిబ్రవరి 13న అక్కడి పోటీలో దెబ్బలు తగిలిన జనంలో పదిమందికి పైగా ప్రేక్షకులే. బాగా కనిపిస్తుందని ఒడ్డు గట్టు మీదికి చేరితే అలే వచ్చి వాళ్లని ఊడ్చేసింది. "కపిలతీర్థం జలపాతం దగ్గర 2021 వానలకి మేమూ అట్లనే ముందుకి పోతామంటే పోలీసులు గేటు బయటే ఆపేసినారు. ఆ రోజు తిట్టుకున్నాం" అన్నాడు నాయన.

కాబట్టి కమిటీకి నా మాట. బస్సు రద్దు చేయండి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వీలైనవాళ్ల పేర్లు రాసుకుని, అంచనా వచ్చాక రెండు రోజుల్లో బయల్దేరగలిగినంతమందే వెళ్లండి. అది పది మందే అయినా సరే. చిన్న పిల్లలున్నవాళ్లు కోటకి దిగకుండా, పైన సితియు అనే పేట అంచున గోడ వెనక నిలబడండి. 1182లో గుర్రం మీద జింకని తరుముతూ పొగమంచులో కొండ అంచుకి వచ్చిన దొరని మేరీమాత ఆపిందని చెప్పుకునే గుడి అక్కడే ఉంది. కింది ఊరి నుంచి అక్కడికి తాడుతో లాగే రైలు కూడా ఉంది. కొండ మీద గుడి, కింద ఊరు. మా తిరుపతి వాళ్లకి కొత్తగా అనిపించదు.

అల రాకపోతే? ఏడు పావడాలు కట్టుకున్న ఆడవాళ్లు ఆ గుడి ముందు బల్లలేసుకుని వేయించిన గింజలు, ఎండు పండ్లు అమ్ముతుంటారు. ఇది చెప్పేసరికి నాయన లేచి కూర్చున్నాడు.

"చెనక్కాయలు కూడానా?"

"ఉండాయి నాయనా. ఉప్పు జాస్తి."

"మన కాయంత ఉంటాదా?" అన్నాడు మాస్టారు, ఫోన్ నాకు తిరిగిస్తూ.