ఫోర్స్ పుష్ గారికి అభినందన లేఖ

మహారాజరాజశ్రీ ఫోర్స్ పుష్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది గానీ, తమరు అడుగుపెట్టిన బ్రాంచిలో, అంటే కోడ్ మార్పులు ఒకదాని వెనక ఒకటిగా సాగే శాఖలో, ఇరుపక్షాలూ కుశలంగా మిగలడం అరుదు గనుక ఏకపక్ష కుశలంతోనే సరిపెట్టుకుంటున్నాను.

ఒకే బ్రాంచిలో ఇద్దరు పనిచేస్తూ ఉండగా, మొదటివారు ముందుగా పంపిన కమిట్లను (నమోదు చేసిన మార్పులను) తెచ్చుకోకుండానే రెండవవారు తమవి పంపబోతే, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ ఒప్పుకోదు. సర్వరులో మీ దగ్గర లేని పని ఉంది, ముందు దాన్ని తెచ్చి కలుపుకొమ్మంటుంది. అప్పుడు ఫెచ్ చేసి (సర్వరులోని పనిని తెచ్చుకుని), మెర్జో (రెండింటినీ కలపడమో) రీబేసో (మన మార్పులను వారి వాటి తరవాత తిరిగి పేర్చడమో) చేసి, ఒకే వరుసను ఇద్దరూ మార్చి ఉంటే ఆ కాన్‌ఫ్లిక్టును చదివి, అర్థం కాకపోతే పక్క సీటులోని మనిషిని అడగాలి. ఇంత అవస్థ ఎందుకని, ఒక హైఫన్‌కు ఎఫ్ అనే ఒక్క అక్షరం చేర్చి పుష్ (పంపు) ఆజ్ఞకు తగిలించగానే తమరు ప్రత్యక్షమై, సర్వరులో ఉన్నదాన్ని పక్కకు నెట్టి మా పనిని పెడతారు. తగవుకు ఇద్దరు కావాలి గనుక ఒకరిని తీసేస్తే తగవే ఉండదన్న తమరి న్యాయశాస్త్రానికి నా జోహార్లు.

తమరికి ముందు మనుషులు ఎంత అమాయకంగా శ్రమపడ్డారో తలచుకుంటే జాలి వేస్తుంది. 1980ల నాటి ఇలాంటి పాత సాధనమైన ఆర్‌సీఎస్‌లో ఒకరు ఫైలుకు లాక్ వేసుకుంటే, వారు విడిచిపెట్టేదాకా మామూలుగా మరొకరు దానిలో మార్పులు చేర్చలేకపోయేవారు. ఆ ఒకరు పెళ్లికని ఊరెళితే ఫైలు కూడా సెలవులోనే ఉండేది. తరవాత వచ్చిన సీవీఎస్ అందరినీ ఒకేసారి రాయనిచ్చి, కలిపే బాధ్యతను చివరికి నెట్టింది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన గిట్‌లో ప్రతి కమిట్ తన ముందు కమిట్ ఏదో గుర్తుపెట్టుకుంటుంది గనుకనే, ఒకరి పని మరొకరి పనిని దాటిపోతోందని అది పసిగట్టగలుగుతోంది. ఆ హెచ్చరికను ఆటంకంగా భావించే తొందరమనుషులకు తమరే దిక్కు.

నిజానికి తమరు దేనినీ వెంటనే చెరపరు. బ్రాంచి అనే గుర్తును ఒక కమిట్ మీది నుంచి ఎత్తి మరొక దాని మీద పెడతారు, పాతవాటికి వెళ్లే దారి మాత్రం పోతుంది. అవి రాసినవారి లాప్‌టాప్‌లో ఇంకా ఉంటాయి. కంగారులో వారు రీసెట్ చేసుకున్నా (తమ బ్రాంచిని కూడా సర్వరుకు సరిపెట్టుకున్నా) బ్రాంచి కదలికల చిట్టా అయిన రెఫ్‌లాగ్‌లో సాధారణంగా 30 రోజులపాటు దొరుకుతాయి. (వారు ఈలోగా ఉద్యోగం మారి లాప్‌టాప్ అప్పగించి ఉంటే తమరి కీర్తి శాశ్వతం.) 2013 నవంబరులో జెన్‌కిన్స్ అనే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు చెందిన 180కి పైగా రిపోజిటరీలలో (కోడ్ భాండాగారాలలో) పొరపాటున తమరు ఒకేసారి కొలువుదీరినప్పుడు, ఆ దారులన్నీ వెతికి తిరిగి కలిపే పని ఎంతోమందికి పడింది.

తమరి తమ్ముడు ఫోర్స్ విత్ లీజ్ కూడా ఆ ఏడాదే గిట్ 1.8.5లో వచ్చాడు. సర్వరులోని బ్రాంచి మనం చివరిగా చూసినచోటనే ఉంటే తప్ప ముందుకు కదలడు. మంచివాడే గానీ, మన ఎడిటరు వెనకనుంచి తనంతట తానే ఫెచ్ చేస్తూ ఉంటే, మనం చూడనిదాన్ని కూడా చూశామనే నమ్మేస్తాడు.

అందుకే మా బృందం మెయిన్ బ్రాంచిని సర్వరులోనే రక్షిత బ్రాంచిగా ప్రకటించింది. తమరికి ప్రవేశం లేదు, పుల్ రిక్వెస్టును (మార్పులను చేర్చుకోమనే విన్నపాన్ని) మరొకరు చదివి ఒప్పుకున్నాకనే ఏదైనా లోపలికి వెళుతుంది. కానీ అడ్మిన్లకు మినహాయింపు ఇచ్చే టిక్కును తీసివేద్దామనగానే సమావేశం వాయిదా పడింది. తమరిని అందరికన్నా ఎక్కువగా పిలిచేది ఆ అడ్మిన్లే గనుక, ఈ లేఖ ప్రతిని వారికి కూడా పంపుతున్నాను. రీబేస్ చేసుకున్న సొంత బ్రాంచిలో, మరెవరూ పనిచేయని చోట, తమరు నిరభ్యంతరంగా విహరించవచ్చు.

ఇట్లు,
ముందుగా పుష్ చేసి చెడిన సహోద్యోగి