ఆదర్శ వలసదారు కావలెను

వలసల మీద గొడవలు విని విని విసుగొచ్చి, అందరికీ నచ్చే వలసదారు ఎలా ఉండాలో నేనే ఒక నమూనా తయారుచేశాను. ఏ దేశమైనా ఉచితంగా వాడుకోవచ్చు.

వయసు పాతికేళ్లు. అంతకుముందు వాణ్ణి ఎవరు పెంచారు, ఎవరి పన్నులతో చదివాడు అన్నది మనకు అనవసరం, ఆ ఖర్చంతా పాపం అవతలి దేశం పెట్టేసుకుంది. మనకు డాక్టరు తయారై దిగుతాడు. మరి వాడు వదిలొచ్చిన ఊళ్లో రోగుల సంగతేంటంటే, నెలనెలా ఇంటికి డబ్బు పంపుతాడుగా! 2022లో ఒక్క భారతదేశానికే ఇలా 10 వేల కోట్ల డాలర్ల పైన వచ్చింది. ఆ నోట్లు నుదుటి మీద వేసుకుని పడుకుంటే జ్వరం అదే తగ్గుతుంది.

కష్టపడి పనిచెయ్యాలి, కానీ ఎవరి పనీ లాక్కోకూడదు. దీనిమీద ఆర్థికవేత్తల్ని అడుగుదామనుకున్నాను, అదే నేను చేసిన పొరపాటు. 1980లో కొన్ని నెలల్లోనే సుమారు 1,25,000 మంది క్యూబావాళ్లు పడవలెక్కి అమెరికా వచ్చేశారు, మయామీలో పనివాళ్ల సంఖ్య ఉన్నపళాన 7 శాతం దాకా పెరిగింది. కూలి పడిపోవాలి కదా? పెద్దగా పడలేదని 1990లో ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ తేల్చారు. తర్వాత మరో ఆర్థికవేత్త జార్జ్ బోర్హాస్ అదే ఊరి లెక్కలు మళ్లీ తవ్వి, హైస్కూలు కూడా దాటనివాళ్లను విడిగా చూస్తే గట్టిగానే పడిందన్నారు. అదే ఊరు, అవే పడవలు. నాకర్థమైనంతవరకు వచ్చినవాడు కూడా తింటాడు, అద్దెకుంటాడు, జుట్టు కత్తిరించుకుంటాడు కాబట్టి వాడి వల్ల కొత్త పని కూడా పుడుతుంది. దెబ్బ తగిలితే తగిలేది చదువు లేనివాడికీ, నిరుడు వచ్చిన వలసదారుకీ. వాళ్లు వ్యాసాలు రాయరు. నాకైతే ఇంటిపనికి మనిషి చవగ్గా దొరుకుతుంది, అందుకే నాకు మానవత్వం కాస్త ఎక్కువ.

పోనీ తలుపులు మూసేద్దామా? మెక్సికో నుంచి పొలం కూలీలను రప్పించే బ్రాసెరో పథకాన్ని అమెరికా 1964 ఆఖరుకు ఎత్తేసింది, తమవాళ్లకు కూలి పెరుగుతుందని. టమాటా రైతులు ఆ స్థానిక కూలీల వైపు చూడనే లేదు, కోత యంత్రాలు కొనుక్కున్నారు.

అన్నట్టు వలసదారు రోడ్ల మీద నడవకూడదు, పిల్లల్ని కనకూడదు. వాడు కట్టే పన్నులో పెద్ద వాటా పోయేది పైనున్న కేంద్ర ఖజానాకి, బడిలో బెంచీలు చాలకపోయేదీ, ఇంటద్దె పెరిగేదీ కిందున్న పేటలో. పైవాళ్లు రమ్మంటారు, పేటవాళ్లు వద్దంటారు, నిజానికి ఇద్దరూ లెక్క సరిగ్గానే వేసుకున్నారు, మధ్యలో ఆ డబ్బు కిందికి దించాల్సినవాడే కనబడడు.

ముఖ్యంగా, పని కాగానే వెళ్లిపోవాలి. పశ్చిమ జర్మనీ 1961లో టర్కీతో ఒప్పందం చేసుకుని కార్మికులను అతిథులుగా పిలిచింది, 1973లో ఇక చాలంది. అతిథులకు భయమేసింది, ఇప్పుడు వెళ్తే మళ్లీ రానివ్వరేమోనని. చాలామంది ఉండిపోయి భార్యాపిల్లల్ని కూడా రప్పించుకున్నారు. ఈ తలనొప్పి లేకుండా 2021లో లారీ డ్రైవర్లు కరువైన బ్రిటన్ 5,000 తాత్కాలిక వీసాలు ఇస్తానంది, మొదట్లో పెట్టిన గడువు క్రిస్మస్ ముందురోజు దాకా. అంటే వచ్చి మన పండగ సరుకు దించి, పండగ చేసుకోకుండా పోవాలన్నమాట. ఎందుకో జనం ఎగబడలేదు.

ఇన్ని షరతులకూ ఇప్పటిదాకా సరిపోయింది ఒక్కటే, ఆ టమాటా యంత్రం. యాస లేదు, గుడి అడగదు, చుట్టాల్ని పిలవదు. కాకపోతే ఈమధ్య అది కూడా మొరాయిస్తోందట, విడిభాగాలు పరాయిదేశం నుంచి రావాలంటున్నారు.