ఆమె చెప్పింది ఒకటి, ఫైల్లో ఉన్నది ఒకటి

1986 మార్చిలో రాజస్థాన్‌లో ఒక చిన్నపిల్ల మీద అత్యాచారం జరిగింది. ఏం జరిగిందమ్మా అని కోర్టులో అడిగితే ఆ పిల్ల నోరు విప్పలేదు. మళ్లీ అడిగారు. కళ్లలోంచి నీళ్లు కారాయి, అంతే. ట్రయల్ జడ్జి ఆ సంగతిని ఉన్నదున్నట్టు రికార్డు చేశారు. వైద్య సాక్ష్యం, మిగతా సాక్షుల మాటలు చూసి 1987లో ముద్దాయికి ఏడేళ్ల శిక్ష వేశారు. 2013లో హైకోర్టు ఆరు పేజీల తీర్పుతో ఆ శిక్షను కొట్టేసింది. పిల్లే ఏమీ చెప్పలేదు కదా అన్నది ప్రధాన కారణం. 2025 మార్చిలో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును పక్కనపెట్టి శిక్షను మళ్లీ నిలబెట్టింది. పసిపిల్ల మౌనమూ, పెద్దవాళ్ల మౌనమూ ఒకటి కాదనీ, ఆ కన్నీళ్లను ముద్దాయి ఖాతాలో వేయకూడదనీ చెప్పింది.

న్యాయానికి 39 ఏళ్లు పట్టిందని అందరూ బాధపడ్డారు. పడాల్సిందే. నన్ను మాత్రం ఆ ట్రయల్ జడ్జి రాసిన ఒక్క ముక్క వదల్లేదు. ఆయన గనక ‘సాక్షి ఏమీ చెప్పలేదు’ అని రాసి ఊరుకుని ఉంటే ఏమయ్యేది? ఢిల్లీలో కూర్చున్న జడ్జిలకు ఆ కన్నీళ్లు ఎక్కడ కనిపించేవి? అప్పీల్లో బాధితురాలు ఉండదు, బోను ఉండదు, గొంతు ఉండదు. పేపర్ బుక్, అంటే కింది కోర్టు రికార్డుల కట్ట ఉంటుంది. అందులో ఎక్కినదే సాక్ష్యం.

అత్యాచార కేసుల్లో బాధితురాలి మాట ఒక్కటే చాలా, దానికి వేరే దన్ను కావాలా అన్న చర్చ మన దగ్గర దశాబ్దాలుగా నడుస్తోంది. నన్నడిగితే ఆ చర్చ ఎప్పుడో ముగిసింది. మథుర అనే ఆదివాసీ అమ్మాయి మీద పోలీస్ స్టేషన్లో అత్యాచారం జరిగిందన్న కేసులో పోలీసులను సుప్రీంకోర్టు వదిలేయడం, దాన్ని తప్పుపడుతూ నలుగురు న్యాయ అధ్యాపకులు 1979లో బహిరంగ లేఖ రాయడం, 1983లో చట్టం మారడం పాఠకులకు తెలిసినవే. అదే ఏడాది గుజరాత్ నుంచి వచ్చిన అప్పీలులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ ఠక్కర్, దన్ను లేదన్న కారణంతో బాధితురాలి మాటను తోసిపుచ్చడం గాయం మీద అవమానం చేర్చడమే అన్నారు. 1996లో గుర్మీత్ సింగ్ కేసు వచ్చింది. తనను ఎక్కించుకెళ్లిన కారు ఫియటో అంబాసిడరో చెప్పలేకపోయిందని కింది కోర్టు ఆ అమ్మాయిని అనుమానించింది. పదో తరగతి పరీక్ష రాసి వస్తున్న పల్లెటూరి పిల్ల కార్ల కంపెనీలు చెప్పాలట! సుప్రీంకోర్టు ఆ తీర్పును కడిగేసింది. ఆమె గాయపడిన సాక్షితో సమానమనీ, నమ్మదగ్గదిగా ఉంటే ఆమె మాట మీదే శిక్ష వేయొచ్చనీ మన కోర్టులు ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పాయో లెక్కలేదు.

సూత్రం అంత బాగుంటే అప్పీళ్లలో ఇన్ని కేసులు ఎందుకు జారిపోతున్నాయి? పైకోర్టు తూచేది ఆమె మాటను కాదు, ఆమె మాటకు ఇంకొకరు చేసిన కుదింపును. నా ఫిర్యాదంతా అక్కడే.

సెషన్స్ కోర్టులో సాక్ష్యాన్ని మామూలుగా కథనం రూపంలో రాసుకోవాలని చట్టం చెబుతుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో సెక్షన్ 276, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 311. జడ్జి తలచుకుంటే ప్రశ్న, జవాబు రూపంలోనూ రాయించవచ్చు. ఆ తలచుకోవడమే అరుదు. ఒక చిన్న దృశ్యం ఊహించుకోండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ముద్దాయి తరఫు లాయరు, ‘నువ్వు అరవలేదు కదా?’ అంటాడు. ఆమె, ‘నోట్లో చున్నీ కుక్కితే ఎట్లా అరుస్తా సార్?’ అంటుంది. జడ్జిగారు స్టెనోకు ఇంగ్లిష్‌లో చెబుతారు. ఫైల్లో పడేది రెండు ముక్కలు: నేను కేకలు వేయలేదు, ముద్దాయి నా నోట్లో చున్నీ కుక్కాడు. లాయరు ప్రశ్న ఎగిరిపోయింది. ఆమె ఎదురు ప్రశ్న ఎగిరిపోయింది. అందులోని కోపం కూడా పోయింది. ఏళ్ల తర్వాత అప్పీల్లో డిఫెన్స్ మొదటి ముక్కను మాత్రమే పట్టుకుంటుంది: ‘పీడబ్ల్యూ-1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి) కేకలు వేయలేదని క్రాస్‌లో ఒప్పుకుంది.’ ఒప్పుకుందట. ఆమె ఒప్పుకోలేదు, నిలదీసింది.

దీనికి తోడు ఒమిషన్లు, అంటే పోలీసుల స్టేట్‌మెంట్లో ఎక్కని వివరాలు. పోలీసులు దర్యాప్తులో రాసుకునే స్టేట్‌మెంట్ (సీఆర్‌పీసీలో 161, ఇప్పుడు 180) ఆమె చేతిరాత కాదు, దాని మీద ఆమె సంతకమూ ఉండదు. స్టేషన్ రైటరు తన భాషలో, తనకు ముఖ్యమనిపించినంత రాస్తాడు. కోర్టులో ఆమె ఇంకో వివరం చెప్పగానే, ఇది పోలీసులకు చెప్పలేదు కదా అని డిఫెన్స్ లేస్తుంది. చెప్పానంటుంది ఆమె. స్టేట్‌మెంట్లో లేదంటాడు దర్యాప్తు అధికారి. రైటరు వదిలేసిన వాక్యం ఆమె అబద్ధమైపోతుంది! సాక్షి బుర్రలో వీడియో టేపు తిరగదని జస్టిస్ ఠక్కర్ ఆ 1983 తీర్పులోనే అన్నారు. మన దగ్గర టేపు తిరగాల్సింది సాక్షి బుర్రలో కాదు, కోర్టు హాల్లో.

ఒక్క మాట పట్టుకుని కేసు ఎలా తలకిందులవుతుందో చూడాలంటే 2024 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు చూడండి. పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) కింద కేసు, యావజ్జీవ శిక్ష. బాలిక ‘శారీరక సంబంధం’ అన్న అర్థం వచ్చే మాట వాడింది. దానికి అర్థం అత్యాచారమేనని ట్రయల్ కోర్టు తీసుకుంది. ఆ మాట ఒక్కదాంతోనే అంత దూరం వెళ్లలేమంది హైకోర్టు. నిందితుడు బయటపడ్డాడు. ఆ తీర్పును తిట్టిపోసినవాళ్లు చాలామంది. నేను తిట్టను. కాగితం మీద ఉన్నది అంతే అయితే జడ్జిలు ఇంకేం చేస్తారు? తిట్టాల్సింది ఆ మాట విని కూడా ‘అంటే ఏమిటమ్మా?’ అని అడగని ప్రాసిక్యూటర్‌ను. నిజం తెలుసుకోవడానికి ఏ ప్రశ్నయినా అడిగే అధికారం జడ్జికి సాక్ష్యాల చట్టం ఎప్పటినుంచో ఇస్తోంది. అడగలేదు. ఆ బాలికకు నిజంగా అత్యాచారమే జరిగి ఉంటే ఒక అన్యాయం. జరగకుండా ఒక మనిషి జైల్లో మగ్గి ఉంటే ఇంకో అన్యాయం. ఏది జరిగిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

బాధితురాలి మాటకు ఇంత బరువిస్తే అమాయకులు ఇరుక్కుంటారన్న వాదన ఉంది. తేలిగ్గా కొట్టిపారేయలేం. అందుకే 2012లో రాయ్ సందీప్ కేసులో సుప్రీంకోర్టు, ఒక్క సాక్షి మాటే ఆధారమైతే ఆ సాక్షి వన్నె తగ్గనిదై ఉండాలంది. కింది కోర్టు నిర్దోషి అన్నాక ఆ నిర్దోషిత్వానికి రెట్టింపు బలం వస్తుందని 2007 నాటి చంద్రప్ప తీర్పు చెప్పింది. సరే. కానీ వన్నె తేల్చాలంటే అసలు లోహం ముందుండాలి కదా. పూత చూసి వన్నె ఎలా తేలుస్తారు? ఉన్నదున్నట్టు రికార్డు చేస్తే ముందుగా బాగుపడేది అబద్ధపు కేసులో ఇరుక్కున్నవాడే.

2021లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే ఒక కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. పుట్టు అంధురాలైన దళిత యువతి తన మీద అత్యాచారం చేసినవాణ్ని గొంతు బట్టి గుర్తుపట్టింది. అన్నదమ్ముల స్నేహితుడు, ఇంటికి వచ్చిపోయేవాడు, ఆ గొంతు ఆమెకు కొత్త కాదు. చూపు లేని మనిషి సాక్ష్యం చూపున్న మనిషి సాక్ష్యానికి ఏమాత్రం తక్కువ కాదని జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం చెప్పి యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. గొప్ప తీర్పు. చిత్రమేమిటంటే, గొంతును సాక్ష్యంగా ఒప్పుకున్న ఆ కోర్టు కూడా ఆమె గొంతు వినలేదు. చదివింది.

ఇక్కడ నా పాత పాట మళ్లీ ఎత్తుకోక తప్పదు. కోర్టుల్లో తెలుగు అనగానే భాషాభిమానుల సభ, శాలువా, తీర్మానం గుర్తొస్తాయి. నేననేది ఆ తెలుగు కాదు. ‘చెరిచాడు’, ‘పాడు చేశాడు’, ‘బలవంతం చేశాడు’, ‘చెయ్యి వేశాడు’, ‘అల్లరి చేశాడు’ అన్న మాటల్లో ఆడవాళ్లు చెప్పుకునే నేరం ఉంటుంది. ‘అల్లరి చేశాడు’ అన్నది ఒకామె నోట వెకిలితనం, ఇంకొకామె నోట అత్యాచారం. ఇంగ్లిష్‌లోకి మారేటప్పుడు జడ్జి దాన్ని ఏ సెక్షన్ భాషలో చెబితే కేసు ఆ సెక్షన్లో నిలుస్తుంది లేదా కూలుతుంది. ఆ అనువాదాన్ని ఎవరూ పరీక్షించరు. సాక్షికి వినిపించి సరిచూడాలని చట్టంలో ఉంది. నేను చూసిన కోర్టు హాళ్లలో మాత్రం సంతకం పెట్టించేటప్పటికి తర్వాతి కేసు పిలుపు వినబడుతుంటుంది.

2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు తొలిసారి తెలుగులో తీర్పు ఇచ్చినప్పుడు పండగ చేసుకున్నాం. అది వీలునామా మీద ఆస్తి తగాదా. తీర్పు తెలుగులో రావడం మంచిదే, కానీ నాకు ముందు కావాల్సింది సాక్ష్యం తెలుగులో ఉండటం. తీర్పును అనువాదం చేయించుకోవచ్చు, ఆమె అన్న మాట పోతే మళ్లీ తెచ్చుకోలేం. అత్యాచార కేసుల్లో బాధితురాలి వాంగ్మూలాన్ని పోలీసులు మొబైల్‌లో ఆడియో, వీడియో తీయవచ్చని కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ అంటోంది. ‘తీయవచ్చు’ అంది, ‘తీయాలి’ అనలేదు. స్టేషన్లో అది తప్పనిసరి కావాలి. కోర్టు హాల్లోనూ కెమెరా కావాలి. ముఖం, పేరు దాచి, సీల్డ్ కవర్లో అప్పీలు కోర్టుకే వెళ్లేలా చేయొచ్చు.

టైము చాలదంటారు జడ్జిలు. ఒక్కో కోర్టులో పేరుకున్న కేసులు చూస్తే ఆ మాట సాకు కాదని నాకూ తెలుసు. అందుకే సాక్ష్యం మొత్తం ప్రశ్న, జవాబుల్లో రాయమనడం లేదు. నేరం జరిగిన ఆ అయిదు నిమిషాల గురించి, సమ్మతి గురించి వేసే ప్రశ్నలను మాత్రం అలా రాయండి. ఆమె వాడిన తెలుగు మాటను కోట్స్‌లో ఉంచండి. మౌనంగా ఉంటే మౌనంగా ఉందని, ఏడిస్తే ఏడ్చిందని రాయండి. సాక్షి తీరు గురించి ముఖ్యమనిపించింది రాసుకోమని సీఆర్‌పీసీ 280లోనే ఉంది, ఇప్పుడది 315. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, హైకోర్టు నుంచి ఒక సర్క్యులర్ వస్తే సరిపోతుంది. 1980ల్లో రాజస్థాన్‌లో ఆ జడ్జికి ఆ సర్క్యులర్ కూడా రాలేదు.