అమ్మేవాళ్ల టాక్స్ బిల్లు చూసి ఇల్లు కొనకండి

డాలస్‌కి ఉత్తరాన కొత్త కమ్యూనిటీలో ఇల్లు కొన్న మిత్రుడొకరు, గృహప్రవేశం అయిన రెండేళ్లకు ఒక కవరు తెచ్చి నా ముందు పెట్టారు. లోన్ ఇచ్చిన సంస్థ పంపిన ఎస్క్రో లెటర్ అది, అంటే ఇంటి పన్ను, ఇన్సూరెన్స్ కోసం నెల వాయిదాతో పాటు వాళ్లు వసూలు చేసి పక్కన పెట్టే డబ్బు లెక్క. నెలనెలా కట్టే మొత్తం ఒక్కసారిగా 1,400 డాలర్లు పెరిగింది. వడ్డీ రేటు మాత్రం మారలేదు. "ఎక్కడో లెక్క తప్పింది, ఫోన్ చేసి అడుగుదాం" అన్నారు వాళ్లావిడ. లెక్క తప్పలేదు.

టెక్సాస్‌లో ప్రాపర్టీ టాక్స్ కోసం ఏటా జనవరి 1న ఆస్తి ఎలా ఉంటే దానికి విలువ కడతారు. వాళ్లు కొన్న ఏడాది జనవరి 1 నాటికి అక్కడున్నది 1,20,000 డాలర్ల ఖాళీ స్థలం. రెండు శాతం చొప్పున వచ్చిన బిల్లు 2,400. ఆ లెక్కన నెలకు 200 పక్కన పెడుతూ వచ్చారు. మరుసటి జనవరికి అదే చోట 6 లక్షల డాలర్ల ఇల్లు లేచింది. తగ్గింపులన్నీ పోగా బిల్లు 10,800 వచ్చింది. అంటే ఇక నెలకు 900. దానిపైన పాత ఏడాది తక్కువ పడిన 8,400ని పన్నెండు నెలలకు పంచితే ఇంకో 700. నిన్నటిదాకా 200 కట్టిన చోట ఇవాళ 1,600. కొనేముందు ఈ సంగతి వాళ్లకు ఒక్కరూ చెప్పలేదు.

హైదరాబాద్‌లో మా నాన్నకు ఈ అంకెలు చెబితే నమ్మలేదు. జీహెచ్‌ఎంసీ అద్దె విలువను బట్టి వేసే పన్నును ఏప్రిల్‌లోనే కట్టేసి, 5 శాతం రిబేటు తెచ్చుకునే మనిషి ఆయన. "సొంతింటికి నెలకు డెబ్భై ఐదు వేలా? మరది అద్దిల్లే కదరా!" అన్నారు. నా దగ్గర జవాబు లేకపోయింది.

మనవాళ్లు న్యూజెర్సీ నుంచీ కాలిఫోర్నియా నుంచీ టెక్సాస్‌కి మారేటప్పుడు చెప్పుకునే మొదటి కారణం ఒకటే: అక్కడ స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు. నిజమే, లేదు. కానీ బడులు నడవాలి, రోడ్లు వేయాలి. ఆ డబ్బులో పెద్ద భాగం ఇంటి మీద నుంచే వస్తుంది. ఇక్కడే నాకు అసలైన భయం. ఇన్‌కమ్ టాక్స్ మన జీతాన్ని బట్టి ఉంటుంది. ఉద్యోగం పోతే అదీ ఆగిపోతుంది. ప్రాపర్టీ టాక్స్‌కి మన జీతంతో సంబంధం లేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజులే గడువు. ఆ రెండు నెలల టెన్షన్‌లోనూ జనవరి 31లోగా కట్టాల్సిన బిల్లు కట్టాల్సిందే. మంచి రోజుల్లో మిగిలే ఇన్‌కమ్ టాక్స్‌నే లెక్కేసుకుని ఇల్లు కొంటున్నారు. చెడ్డ రోజుల లెక్క కూడా అదే కాగితం మీద వేయాలని నా గట్టి అభిప్రాయం.

కాలిఫోర్నియా పద్ధతి పూర్తిగా వేరు. 1978లో అక్కడి ప్రజలు ఓటేసి తెచ్చుకున్న ప్రొపోజిషన్ 13 ప్రకారం మూల పన్ను 1 శాతం. పన్ను కోసం లెక్కగట్టే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదు. ఇల్లు చేతులు మారితే మాత్రం కొత్త ధర దగ్గర మళ్లీ మొదలు. కాబట్టి పక్కపక్కనే ఒకేలా ఉండే రెండిళ్లలో, 1990లో కొన్నవాళ్లు కట్టేదానికి నిన్న కొన్నవాళ్లు ఎన్నో రెట్లు కడుతుంటారు. 12 లక్షల డాలర్ల ఇంటికి స్థానిక బాండ్ల (ఊరి అవసరాలకు తెచ్చిన అప్పుల) వసూళ్లతో కలిపి 1.2 శాతం అనుకుంటే 14,400. ఈరోజు అది పెద్ద మొత్తమే. కానీ పదేళ్ల తర్వాత ఎంతవుతుందో ఇప్పుడే దాదాపుగా చెప్పగలం. ఆ నిశ్చింతకు చాలా విలువుంది.

న్యూజెర్సీలో సగటు బిల్లు 2024లో 10,000 డాలర్లు దాటింది, దేశంలోనే అత్యధికం. అందులో సగానికి పైగా బడులకే పోతుంది. ఎడిసన్‌లో పిల్లల్ని చదివించుకున్నవాళ్లు దాన్ని దండగ అనరు. స్టేట్, లోకల్ పన్నుల కింద ఫెడరల్ రిటర్న్‌లో ఆదాయం నుంచి తీసేసి చూపించుకోగల మొత్తాన్ని 2018 నుంచి 10,000కు పరిమితం చేయడం వాళ్లను బాగా దెబ్బతీసింది. 2025లో అది 40,000కు పెరిగాక కాస్త ఊపిరి పీల్చుకున్నారు.

అందుకే రెండు శాతమా, ఒక శాతమా అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. విలువను మళ్లీ ఎప్పుడు కడతారు, ఏడాదికి ఎంతవరకు పెంచగలరు అన్నదే మొదటిది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ పోయి ఆస్తి మూలధన విలువ మీద పన్ను వచ్చింది. అప్పుడూ జనం ముందుగా అడిగింది ఏటా ఎంత పెరుగుతుందనే. ఏడాదికి 15 శాతానికి మించదన్న పరిమితి పెట్టారు.

టెక్సాస్‌లో సొంతంగా ఉండే ఇంటికి ఈ పరిమితి 10 శాతం. హోంస్టెడ్‌కి (సొంతంగా ఉండే ఇంటికిచ్చే పన్ను మినహాయింపుకి) దరఖాస్తు చేసుకుంటే స్కూల్ పన్నులో 1,40,000 డాలర్ల విలువ మినహాయింపు కూడా వస్తుంది. అద్దెకిచ్చిన రెండో ఇంటికి ఇవేవీ వర్తించవు. ఏప్రిల్‌లో వచ్చే విలువ నోటీసు మీద మామూలుగా మే 15లోగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. అది తప్పకుండా చేయండి. ఇక వడగళ్ల దెబ్బకు ఇన్సూరెన్స్ ఖర్చు, హెచ్‌వోఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఫీజులు వేరే.

మొన్న న్యూజెర్సీ నుంచి వస్తున్న ఒక జంట డాలస్ దగ్గరి ప్లేనోలో పాత ఇల్లు చూశారు. ప్రకటనలో టాక్స్ 6,500 అని ఉంది. మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని కౌంటీ వెబ్‌సైట్‌లో ఆ అడ్రస్ కొట్టి చూశాం. ఎవరైనా చూడొచ్చు, అన్నీ బహిరంగ రికార్డులే. ఇంటివాళ్లకు 65 దాటాయి, కాబట్టి స్కూల్ పన్ను పెరగకుండా ఆగిపోయి ఉంది. ఏళ్ల తరబడి 10 శాతం పరిమితి కింద విలువ మార్కెట్ కంటే బాగా వెనకబడి ఉంది. ఇల్లు అమ్మగానే ఆ రెండూ పాత యజమానితోనే పోతాయి. వీళ్లు ఇవ్వబోయే ధరను ఆ ఊరి పూర్తి రేటుతో గుణించి, హోంస్టెడ్ మినహాయింపు పోగా కూడా 9,000 దాటింది. ఆ రాత్రే ఇంటి బడ్జెట్ 40 వేల డాలర్లు తగ్గించుకుని మళ్లీ మొదటి నుంచి వెతకడం మొదలుపెట్టారు.