డాక్టర్ గొర్రె 2

నిన్న మధ్యాహ్నం జరిగింది. ఇవాళ పొద్దున నేను ల్యాబ్‌లోకి అడుగు పెట్టగానే మూడో వరసలోంచి ఎవడో పిల్లగాడు "మే..." అన్నాడు, అందుకే ఇంకా మంట చల్లారక ముందే రాసేస్తున్నా.

మాది నల్లగొండ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ. సిస్టమ్స్ అన్నీ నా నెత్తి మీదే. అందరి పేర్లూ పాస్‌వర్డ్‌లూ ఒక ఎల్‌డాప్ సర్వర్లో ఉంటాయి, లినక్స్ మెషీన్లు దాన్ని అడిగి లాగిన్ చేయిస్తాయి. పోయిన వారం మా పెద్దసారుకు పీహెచ్‌డీ వచ్చింది. పదకొండేండ్ల కష్టం, కాదనను. మర్నాటికే గది ముందు బోర్డు మారింది, కారు అద్దం మీద స్టిక్కర్ మారింది, సెమినార్ హాల్ సిస్టమ్‌లో మాత్రం పేరు ముందు "డాక్టర్" రాలేదు. సర్వర్లో నేను సోమవారమే పెట్టాను. గురువారం కూడా హాల్లో పాత పేరే. రోజుకు మూడుసార్లు పిలుపు: "ఏందయ్యా, యూనివర్సిటీ ఇచ్చింది, నువ్వు ఇయ్యవా?"

ప్రతిసారీ సర్వర్‌ను అడగకుండా ఎస్ఎస్ఎస్‌డీ అనే ప్రోగ్రాం ఒక కాపీ దాచుకుంటుంది. అదే క్యాష్. (ఈ మాట కారిడార్లో గట్టిగా అనకూడదు, "క్యాష్ క్లియర్ కాలేదు" అన్నందుకు అకౌంట్స్ ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు.) ఎవరూ ఏమీ మార్చకపోతే ఆ కాపీ గడువు 5400 సెకన్లు, అంటే గంటన్నర. ఇక్కడ నాలుగు రోజులైనా కదల్లేదు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి నీడ చూశారు కదా, సూర్యుడు ఎటు తిరిగినా అది అక్కడే ఉంటుంది. అదైతే కట్టినవాళ్ల తెలివి.

ఈ సిస్టమ్స్ పెట్టిన ఏజెన్సీకి ఫోన్ చేశాను. "రీస్టార్ట్ చేసిండ్రా సార్?" అన్నాడు. ఆ కాపీ డిస్కు మీద ఉంటుంది నాయనా, రీస్టార్ట్ చేస్తే ఎట్లా పోతుంది అన్నాను. "ఇంకోసారి చేయండి సార్" అన్నాడు.

శుక్రవారం పొద్దున ఇక తేల్చుకుందామని కూర్చున్నా. ఏ మార్పు వచ్చిందో కచ్చితంగా తెలియాలంటే ఎక్కడా లేని పేరు ఒకటి పెట్టి చూడాలి. ఒక ఉత్తుత్తి యూజర్‌ను తయారు చేసుకుని వాడి మీద చేయాలి. ఇది అందరికీ తెలుసు, పిల్లలకు నేనే చెప్తాను. అయినా నేరుగా పెద్దసారు పేరు తీసేసి "డాక్టర్ గొర్రె 1" అని పెట్టాను. గొర్రె ఎందుకంటే, మా తాత మహబూబ్‌నగర్ దిక్కు మంద కాసినాయన, నా చేతికి పరీక్ష పేరంటే ముందు అదే వస్తుంది. హాల్‌కు పోయి ఆయన ఎంట్రీ గడువు తీరిపోయినట్టు కమాండ్ కొట్టాను. చూస్తే పాత పేరే. పేరును "గొర్రె 2" చేసి మళ్లీ కొట్టాను. మళ్లీ పాత పేరే. సర్కారు సబ్సిడీ పథకంలో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు, పొట్టేలు దాకా నేనూ పోయేవాణ్నేమో, కానీ ఆకలైంది. క్యాంటీన్‌లో రెండు మిర్చి బజ్జీలు, ఒక చాయ్. అంతలో అటెండర్ వచ్చి, బయటి నుంచి గెస్టులు వస్తున్నారు, హాల్లో మీటింగ్ ఉందన్నాడు. ల్యాబ్‌కు ఉరికి సర్వర్లో అసలు పేరు పెట్టేశాను. హాల్ సిస్టమ్ ముట్టుకోలేదు. ఎట్లాగూ మాట వినట్లేదు కదా, పాత పేరే చూపించుకోనీ అనుకున్నా.

రెండు గంటలకు హాల్ నిండా పిల్లలు. పెద్దసారు లాగిన్ అయి, స్లైడ్లు పెట్టి, మన కాలేజీ డిజిటల్‌గా ఎంత ముందుందో చెప్పడం మొదలుపెట్టారు. ఒక స్లైడ్ మీద చాలాసేపు ఆగారు. ఆగితే స్క్రీన్ లాక్ అవుతుంది. అయ్యింది. గోడంత తెర మీద, గుండ్రటి బొమ్మ కింద, ఇంగ్లిష్ అక్షరాల్లో, డాక్టర్ గొర్రె 2.

ఆయన వీపు తెర వైపు ఉంది. "ఇదంతా ఒక్కరోజులో రాలేదు" అంటున్నారు. ముందు వరస పిల్లలు పెదాలు బిగబట్టారు. వెనక వరసలో ఒకడు దగ్గినట్టు దగ్గాడు, అది దగ్గు కాదు. ఆ నవ్వును సారు మెప్పు అనుకుని గొంతు పెంచారు. గెస్టుల్లో ఒకాయన ఉత్తరాది మనిషి, కళ్లజోడు సర్దుకుని తెరంతా చదివి, పక్కాయనను మెల్లగా అడిగాడు: "మిస్టర్ గొర్రె కౌన్ హై?" ఆ పక్కాయన మన జిల్లా మనిషే, మొహం కర్చీఫ్‌లో దాచుకున్నాడు. అప్పుడు తిరిగారు సారు. తెర వైపు చూశారు. నా వైపు చూశారు. మళ్లీ తెర వైపు చూశారు, ఆ 2 దగ్గర కాస్త ఎక్కువసేపు. ఒకటో గొర్రె ఎవరని వెతుకుతున్నట్టు.

వంగి వంగి పోయి అన్‌లాక్ చేయించి, అందరి ముందూ అదే కమాండ్ కొట్టాను. మార్పు లేదు. అప్పుడు వెలిగింది బల్బు. ఆ ఏజెన్సీ మహానుభావుడు ఎస్ఎస్ఎస్‌డీతో పాటు ఎన్ఎస్‌సీడీ అనే పాత క్యాష్‌ను కూడా నడుస్తుండగా వదిలేశాడు. నేను ఎస్ఎస్ఎస్‌డీని ఎంత తట్టినా ముందు గుమ్మంలో ఇది కూర్చుని 600 సెకన్లు పాత మాటే చెప్తుంది. నేను బజ్జీలు తింటున్న ఆ పది నిమిషాల్లో దాని గడువు తీరి, సరిగ్గా గొర్రె 2ను తెచ్చి పెట్టుకుంది. దాన్నీ తుడవాలంటే ఇంకో కమాండ్ ఉంది, కానీ ఆ కళ్ల ముందు నా వేళ్లకు అది గుర్తు రాలేదు. మళ్లీ లాక్ పడకుండా నలభై నిమిషాలు స్టేజీ మీద స్టూల్ వేసుకుని మౌస్‌ను అటూ ఇటూ కదుపుతూ కూర్చున్నా.

సాయంత్రం ఎస్ఎస్ఎస్‌డీ సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్ తెరిచాను. సోమవారమే తెరవాల్సింది. గడువు దగ్గర 604800 అని ఉంది. ఏడు రోజులు. ఎందుకు పెట్టాడో ఆ ఏజెన్సీవాడికే తెలియాలి, ఫోన్ ఎత్తితే కదా. ఎన్ఎస్‌సీడీని ఆపేసి, 604800ను 5400 చేసి, ఉన్న ఎంట్రీల మీద పాత గడువే ఉంటుంది కాబట్టి వాటినీ తుడిచాను. పేరు వచ్చింది, డాక్టర్‌తో సహా.

ఇవాళ పొద్దున సారు వచ్చి చూశారు. డాక్టర్ తర్వాత చుక్క లేదన్నారు. సర్వర్లో చుక్క పెట్టాను, గంటన్నరలో వస్తుంది సార్ అన్నాను. వాచీ చూసుకుని, కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నారు.